సీలు వెయ్యకు అల్లుడూ!

ఉద్యోగమొచ్చిన సంతోషం రెండ్రోజులైనా నిలవలేదనీ, పోస్టింగు భద్రాచలం అడవి వైపు పడిందని తెలిసి అన్నం మానేశావనీ అక్కయ్య ఫోన్ చేసింది. తిను, అల్లుడూ. ముప్పయ్యేళ్ళు దాటి ఈ అడవంచు ఆఫీసుల్లోనే కూర్చుని హెడ్ గుమాస్తాగా దిగిపోయినవాణ్ణి చెప్తున్నాను. ఒక దోమతెర తెచ్చుకుంటే అడవి నిన్నేమీ చెయ్యదు. భయపడాల్సింది ఒక్కదానికే. ఈ జనం ఎప్పుడైనా సర్కారు మీద కేసేస్తారేమోనని. దాన్ని ఎట్లా ఆపాలో నేర్పుతాను. నా బల్ల మీద నుంచి వెళ్ళిన కాగితం పట్టుకుని హైకోర్టు మెట్లెక్కిన మనిషి నా సర్వీసు మొత్తమ్మీద ఒక్కరే. ఆ సంగతి చివర్లో చెప్తాను. పరువు తక్కువ వ్యవహారం.

ముందు అవతలివాడి బలం తెలుసుకో. సర్కారు మీద దావా చెల్లదని నువ్వనుకుంటూ ఉంటావు. చెల్లుతుంది. రాష్ట్రాన్ని పేరు పెట్టి కోర్టుకీడ్చవచ్చని రాజ్యాంగం 300వ అధికరణంలోనే ఉంది. దీనికి మూలపురుషుడు మనిషి కూడా కాదు, గుర్రం. కలకత్తా కిదర్‌పూర్ రేవులో సర్కారు కూలీలు ఓడ పనికని ఇనప తునక మోసుకెళ్తూ నడిదార్లో ధబేలున పడేశారు. పీ అండ్ ఓ ఓడల కంపెనీ వారి బండికి కట్టిన గుర్రం బెదిరి దెబ్బతిన్నది. 350 రూపాయలకు దావా పడింది. 1861లో కోర్టు తేల్చిందేమంటే, వర్తకుడు కూడా చేసే పని చేస్తూ నష్టం చేస్తే సర్కారూ కట్టాల్సిందే. రాజు మాత్రమే చేసే పనిలో జరిగితే కట్టక్కర్లేదు. ఆ రెండో ముక్క మీదే మన శాఖలన్నీ చాలాకాలం హాయిగా నిద్రపోయాయి.

ఎంత హాయో చూడు. 1947లో మీరట్‌లో పోలీసులు ఒక అమృతసర్ వర్తకుడి దగ్గర బంగారం పట్టుకుని మాల్‌ఖానాలో పెట్టారు. కాపలా ఉండాల్సిన హెడ్ కానిస్టేబులే దాన్ని మూటగట్టుకుని పాకిస్తాన్ చెక్కేశాడు. 1965లో సుప్రీంకోర్టు, పోలీసు పని రాచపని, కాబట్టి రాష్ట్రం పైసా కట్టక్కర్లేదంది. బంగారం లాంటి రోజులు!

చెడగొట్టింది మళ్ళీ మన తెలుగువాళ్ళే. 1977 మే నెలలో కోయిలకుంట్ల సబ్‌జైల్లో ఉన్న తండ్రీ కొడుకులు, మమ్మల్ని చంపడానికి చూస్తున్నారు, కాపలా పెంచండి మహాప్రభో అని మొత్తుకున్నారు. పెంచలేదు. రాత్రి బాంబులు పడ్డాయి. తండ్రి పోయాడు, కొడుకు గాయాలతో బతికాడు. జైలు నడపడం రాచపని, మాకేం బాధ్యత లేదని సర్కారు తన పాత పాటే పాడింది. మనిషి ప్రాణానికి రాజ్యాంగం హామీ ఇచ్చాక ఆ హక్కు ముందు రాచరికం మాట చెల్లదని హైకోర్టు కొట్టిపారేసింది. 2000లో సుప్రీంకోర్టూ అదే అన్నది. 1,44,000 రూపాయలూ, వడ్డీ. చల్లా రామకృష్ణారెడ్డి కేసని వకీళ్ళు ఇప్పటికీ వల్లిస్తారు. అంతకు ముందే 1994లో నాగేంద్రరావు కేసు ఉంది. ఒక వ్యాపారి దగ్గర సరుకు పట్టుకుని, అమ్మకుండా ఇవ్వకుండా ఎరువులు పాడుబెట్టిన పాపానికి ఆంధ్రప్రదేశ్ సర్కారే సొమ్ము కట్టాల్సొచ్చింది.

కాబట్టి అల్లుడూ, సుప్రీంకోర్టు గుమ్మంలో మనం గెలవలేం. మన గుమ్మంలోనే గెలవాలి. తపాలా తీసుకునే ఆ చిన్న కిటికీ ఉందే, అక్కడ.

సీలు సంగతి

అర్జీ తీసుకో. ఎప్పుడూ కాదనకు. కాదంటే గొడవ చేస్తారు, ఎవడో ఫోన్‌తో వీడియో తీస్తాడు. నవ్వుతూ తీసుకో, "కూర్చో తల్లీ, ఎండన పడొచ్చావు" అను, మంచినీళ్ళివ్వు. రెండో ప్రతి మీద మాత్రం సీలు వెయ్యకు. "సారు క్యాంపులో ఉన్నారు, ఆయనొచ్చాక వేస్తాం" అను. చర్ల అవతలి గూడెం నుంచి వచ్చినవాడు సారొచ్చేదాకా ఆగలేడు. బస్సు పోతుంది. తునికాకు రోజులైతే ఒక పూట పోతే కట్టలు పోతాయి. రేపు రమ్మంటే సరి. నాలుగు రేపులకు రెండో ప్రతి చెమటకు నాని చినిగిపోతుంది.

ఈ సీలులో అంత ఏముందంటావా? నువ్వు కూర్చోబోయే ఊరి కథే గుర్తు చేసుకో. పాల్వంచ తాసిల్దారు కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో గుడి కట్టించి గోల్కొండలో ఖైదయ్యాడు. ఆయన మొరంతా రాముడికే పెట్టుకున్నాడు, తానీషా మీద దావా వెయ్యలేదు, ఆ రకంగా మంచి ఉద్యోగే. కానీ కథ చివర జరిగిందేమిటి? రామలక్ష్మణులు మారువేషంలో వెళ్ళి బాకీ కట్టి ఊరుకున్నారా? తానీషా చేత రశీదు రాయించుకున్నారు! ఆ రశీదు ఉండబట్టే గోపన్న బయటికొచ్చాడు. దేవుడంతటివాడికే కాగితం లేకుండా పని జరగలేదు. ఇక కోయదొరకేం జరుగుతుంది?

చట్టం చదివిన కుర్రాళ్ళు నీతో వాదిస్తారు. సర్కారు మీద సివిల్ దావా వెయ్యాలంటే సెక్షన్ 80 కింద రెండు నెలల ముందు నోటీసివ్వాలి, రిట్‌కు ఆ నోటీసు కూడా అక్కర్లేదు, నేరుగా హైకోర్టుకు పోవచ్చు అంటారు. పోనీ. అక్కడ జడ్జిగారు మొదట అడిగేది, "మీరు అధికారికి చెప్పుకున్నారా, చెప్పుకున్నట్టు ఆధారమేదీ?" అని. అప్పుడు సీలు లేని కాగితం చూపిస్తే మన జీపీ గారు, అంటే సర్కారు వకీలు, లేచి, "ఇట్లాంటి అర్జీ మా ఆఫీసుకు రానేలేదు" అని కౌంటరు వేస్తారు. ఎంత శుభ్రమైన వాక్యం!

ఒక్క జాగ్రత్త. ఈమధ్య కొందరు పోస్టాఫీసుకెళ్ళి స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు తెప్పించుకుంటున్నారు. ఇంకొందరు సమాచార హక్కు దరఖాస్తు పెట్టి "నా అర్జీ ఏమైంది" అని అడుగుతున్నారు. దానికి ముప్పై రోజుల్లో జవాబివ్వాలి, పేదవాడు ఫీజు కూడా కట్టక్కర్లేదు. ఈ రెండింటికీ నా దగ్గర మందు లేదు. నువ్వే కనిపెట్టాలి.

కాదను, కాగితం మీద మాత్రం కాదనకు

పోడు పట్టాల ఫైళ్ళు నీ బల్ల మీదికే వస్తాయి. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజనుడికి దాదాపు పది ఎకరాలు, చట్టం లెక్కలో నాలుగు హెక్టార్లు, దాకా హక్కు. మొదట గ్రామసభ తేల్చాలి, తర్వాత డివిజన్ కమిటీ, ఆపైన జిల్లా కమిటీ. 2023 జూన్‌లో మన రాష్ట్రంలో నాలుగు లక్షల ఎకరాల పైచిలుకు పట్టాలిచ్చారు. నాకు చెమటలు పట్టాయనుకో. ఇన్ని ఇచ్చాక ఇంకా రానివాళ్ళు ఊరుకుంటారా?

ఊరుకునేట్టు చెయ్యడం మన పని. తిరస్కరించినట్టు రాసి చేతికిచ్చావో, కారణం రాయాలి. నియమాల ప్రకారం ఆ సంగతి మనిషికి విడిగా తెలియజెయ్యాలి, తెలిసిన నాటి నుంచి అరవై రోజుల్లో అతను పై కమిటీకి పోవచ్చు. కారణం రాస్తే, ఆ కారణం తప్పని ఎవడో ఒకడు రుజువు చేస్తాడు. ఊరి పెద్ద నోటిమాటను కాగితం మీద పెట్టినా సాక్ష్యమేనని ఆ నియమాల్లోనే రాసి చచ్చారు. "కాగితాలు లేవు కాబట్టి తిరస్కరించడమైనది" అని రాసినవాడు బోనులో నిలబడతాడు. అందుకని తిరస్కరించు, రిజిస్టర్లో రాసుకో, చెప్పకు. అడిగితే "పరిశీలనలో ఉంది" అను. తెలుగు భాషలో ఇంత గొప్ప మాట ఇంకోటి లేదు. అవునూ కాదు, కాదూ కాదు. దాని మీద అప్పీలుకు పోయేవాడికి గడువు ఎప్పటినుంచి మొదలైందో బ్రహ్మక్కూడా తెలియదు.

పరిశీలనలో ఉండగానే జేసీబీ వచ్చి చేలో కందకం కొడితే? కొట్టకూడదు. దరఖాస్తు తేలేదాకా ఎవరినీ ఖాళీ చేయించరాదని నాలుగో సెక్షన్ ఐదో ఉపసెక్షన్. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు తిరస్కరించినవాళ్ళందరినీ ఖాళీ చేయించమన్నప్పుడు మన వరండాలో కొందరు టీ పార్టీ చేసుకున్నారు. పదిహేను రోజులు తిరిగేసరికి, ఫిబ్రవరి 28న, ఆ కోర్టే ఆపేసింది. టీ డబ్బులు దండగ. అందుచేత కందకం కొట్టించే రోజున కాగితమేదీ పుట్టనివ్వకు. నోటీసు లేదు, ఉత్తర్వు లేదు, పంచనామా లేదు, ఎవరు చెప్పారో లేదు. పొద్దున చూస్తే గొయ్యి ఉంటుంది, దాని పక్కన యూకలిప్టస్ మొక్క ఉంటుంది. గొయ్యి మీద ఎవరు దావా వేస్తారు?

అన్నట్టు, ఈ చట్టాన్ని మీరిన అధికారికి జరిమానా ఎంతో తెలుసా? వెయ్యి రూపాయల దాకా. అదైనా గ్రామసభ తీర్మానం చేసి, రాష్ట్రస్థాయి కమిటీకి అరవై రోజుల నోటీసిచ్చి, ఆ కమిటీ కదలకపోతేనే కేసు. నీ మోటారు సైకిలుకు రెండు టైర్లు మార్చినా అంతకంటే ఎక్కువవుతుంది. ఈ లెక్క తెలిశాక నాకు నిద్ర బాగా పట్టేది.

గ్రామసభ గురించి రెండు మాటలు. సభకు ఊళ్ళో సగం మంది రావాలి, వచ్చినవాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళుండాలి. సంత రోజు పెట్టు.

ఏ రాష్ట్రం మీద వేస్తావు?

ఇది దేవుడిచ్చిన వరం. 2014లో పోలవరం కోసం ఖమ్మం జిల్లా మండలాలు ఏడు ఆంధ్రలో కలిపారు. కొన్ని మొత్తంగా పోయాయి, కొన్ని ముక్కలుగా పోయాయి. భద్రాచలం పట్నం ఇటు మిగిలింది, పక్కనున్న ఎటపాక అటు పోయింది. రాములవారు తెలంగాణలో, పురుషోత్తపట్నంలో ఆయన మాన్యం ఆంధ్రలో. దేవుడికే ఏ కోర్టుకు పోవాలో తెలియని చోట నీకెందుకు దిగులు? చేను కుక్కునూరు వైపున్నవాడు వస్తే "అది మాది కాదు" అను. అక్కడివాళ్ళు "మీ పాత రికార్డు ఖమ్మంలో ఉంది, తీసుకురా" అంటారు. ఖమ్మం వెళితే, 2016లో జిల్లా విడిపోయింది, ఫైళ్ళు కొత్తగూడెం వెళ్ళాయంటారు. చింతూరు వాడి పాట్లు ఇంకా గొప్పవి. ఖమ్మం జిల్లా వాడు తూర్పుగోదావరి వాడయ్యాడు, 2022లో అల్లూరి జిల్లా వాడై కలెక్టరు కోసం పాడేరు దారి పట్టాడు. కూర్చున్న చోట కూర్చునే ఇన్ని జిల్లాలు చూసిన మనిషి దేశంలో ఉన్నాడా?

హైకోర్టూ 2019 జనవరి 1 నుంచి రెండైంది, ఒకటి హైదరాబాదులో, ఒకటి అమరావతిలో. కేసు వేసేవాడు తప్పు కోర్టుకు పోతే నీకు ఆర్నెల్లు కలిసొచ్చినట్టే. గోదావరి 53 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఎగిరిందా, ఇంకో నెల. 2022 జులైలో 71 అడుగులు దాటింది. గుర్తుంచుకో, "వరదల్లో రికార్డు తడిసింది" అనే మాట ఆ తర్వాత ఏ సంవత్సరమైనా వాడుకోవచ్చు.

ఎవరు మనిషి?

ఇది కాస్త పైస్థాయి విద్య, ప్రమోషనొచ్చాక పనికొస్తుంది. ఏజెన్సీలో ఏ 'వ్యక్తీ' భూమిని గిరిజనేతరులకు దఖలు చెయ్యకూడదని వన్ ఆఫ్ సెవెంటీ చట్టం. మేం ఏళ్ళ తరబడి ఏమనుకున్నామంటే, సర్కారు వ్యక్తి కాదు కదా, సర్కారు ఎవరికైనా లీజుకివ్వచ్చు అని. అనంతగిరి మండలంలో గనులకు అట్లాగే ఇచ్చారు. సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడింది. 1997 జులైలో సుప్రీంకోర్టులో ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు, ఆ చట్టంలో 'వ్యక్తి' అంటే సర్కారు కూడానయ్యా అని తేల్చారు. అమెరికాలో తమాషా దీనికి తిరగేసి ఉంటుంది. పౌరహక్కులు కాలరాసిన 'వ్యక్తి' మీద దావా వెయ్యొచ్చని అక్కడ 1871 నుంచీ చట్టముంది. 1989లో వాళ్ళ సుప్రీంకోర్టు, రాష్ట్రం 'వ్యక్తి' కిందికి రాదు పొమ్మంది. అందుకని న్యూమెక్సికో లాంటి రాష్ట్రం 2021లో, మా మీద మా కోర్టులోనే వెయ్యండని తనంతట తనే చట్టం చేసుకోవాల్సొచ్చింది. కోరి కొరివితో తల గోక్కునే సర్కార్లూ ఉంటాయి. నీకది నేర్పడం లేదు.

నీకు నేర్పేది ఎదుటివాణ్ణి వ్యక్తి కాకుండా చెయ్యడం. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చిన గొత్తికోయల గుంపులు నీ పరిధిలో ఉంటాయి. అవతల గిరిజనులు, ఇవతల కులపత్రం దగ్గర ఎవరూ కారు. వాళ్ళ అర్జీ మీద "స్థానికులు కారు" అని రాయి. చాలా ఏళ్ళు అదే రాశాను. ఒకసారి ఒక కుర్ర వకీలు వచ్చి, ఇరవయ్యొకటో అధికరణంలో 'ఏ వ్యక్తినీ' అని ఉంది సార్, 'ఏ స్థానికుణ్ణీ' అని లేదు, అన్నాడు. నేను విననట్టు నటించాను.

వకీళ్ళ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. వకీలు దొరక్కుండా చూడాలి. హైదరాబాదు మూడొందల కిలోమీటర్ల పైన ఉంది, అది మంచిదే. కానీ లెక్కల మాస్టార్లతో ప్రమాదం. బాలగోపాల్ గారు కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పి, తర్వాత హైకోర్టు వకీలయ్యారు. 2009లో పోయారు. లెక్కలొచ్చినవాడు వకీలైతే మన ఫైల్లో తేదీలు కూడి చూస్తాడు, అల్లుడూ. ఇంకోటి. గిరిజనులకూ ఆడవాళ్ళకూ సంపాదనతో పని లేకుండా ఉచితంగా వకీలునివ్వాలని 1987 చట్టం. 15100కి ఫోన్ చేస్తే చాలట. ఆ నంబరున్న ఫ్లెక్సీ మన వరండాలో వేలాడుతుంది. తీసెయ్యకు, తప్పవుతుంది. దాని ముందుకి బీరువా జరుపు.

ఆ ఒక్కరి సంగతి

2009 ఎండాకాలం. ఆఫీసు పేరు రాయను. మధ్యాహ్నం టీ వచ్చింది. కిటికీలో ఒక కోయ ముసలమ్మ. ఎరువుల బస్తా లోపల ఉండే పల్చటి ప్లాస్టిక్ సంచి నడుము దగ్గర్నుంచి తీసి విప్పింది. అందులో రేషను కార్డు, పోడు దరఖాస్తు నకలు, ఊరి పెద్ద వేలిముద్ర వేసిన కాగితం, రెండు ప్రతుల అర్జీ. బడిపిల్లవాడి దస్తూరి. నేను కుడిచేత్తో టీ పట్టుకున్నాను. ఎడమచెయ్యి, ఏళ్ళ తరబడి అలవాటు, మాట్లాడకుండా స్టాంపు ప్యాడు మీద ఒకటి, అర్జీ మీద ఒకటి, పక్కనున్న రెండో ప్రతి మీద ఒకటి కొట్టేసింది. ధన్. ధన్. కొత్తగా సిరా పోసిన ప్యాడు కూడా.

తిరిగి లాక్కుందామని చూసే లోపు ఆవిడ కాగితాన్ని మొహం దగ్గర పెట్టుకుని ఉఫ్ ఉఫ్ మని ఊదుతోంది, ఊదారంగు ఆరడానికి. ఆరిందని వేలితో తాకి చూసుకుని, నాలుగు మడతలు పెట్టి, సంచిలో అన్నిటికంటే లోపల దాచింది.

పదకొండేళ్ళ తర్వాత చేలో కందకం పడింది. రిట్ పడింది. జీపీ ఆఫీసుకు మేం రాసి పంపిన మాట మామూలుదే, అర్జీ అందలేదని. వారంలో ఫోనొచ్చింది. "ఇది మీ సీలేనా?" నకిలీ సీలండీ, అన్నాను. మా తారీకు స్టాంపులో ఒక చక్రం 2009లో ఏడాదంతా సరిగ్గా తిరిగేది కాదు. నెల అంకె ఎప్పుడూ కొంచెం పక్కకు ఒరిగి పడేది. కొత్త స్టాంపు కోసం ఇండెంటు పెట్టింది నేనే, రాలేదు. కోర్టు మా తపాలా రిజిస్టరు తెప్పించింది. ప్రతి పేజీలోనూ అదే ఒరిగిన అంకె. ఆవిడ కాగితం మీదా అదే. దరఖాస్తు తేల్చేదాకా ఆవిడ చేలోకి ఎవరూ పోకూడదని ఉత్తర్వు వచ్చింది. కొత్త స్టాంపు మరుసటి నెల వచ్చింది.

నేనిప్పుడు రిటైరై ఖాళీగా ఉన్నాను కాబట్టి ఆదివారం సంతకు పోతుంటాను. మొన్న ఆవిడ ఇప్పపువ్వు కుప్ప పోసుకుని కూర్చుని ఉంది. గుర్తుపట్టింది. దోసెడు పువ్వు పొట్లం కట్టి ఇచ్చి డబ్బులు తీసుకోలేదు. నడుము దగ్గర సంచి మారింది, ఈసారి జిప్పున్న కవరు. మా గూడెంలో ఇంకా పద్నాలుగు ఇళ్ళవాళ్ళ కాగితాలున్నాయి సారూ, అంది. ఆ కిటికీ దగ్గర ఇప్పుడెవరు కూర్చుంటున్నారు, మీలాగే ఉంటాడా, అని అడిగింది.

మా మేనల్లుడు వస్తున్నాడని నేను చెప్పలేదు.